వాక్యూమ్ బ్యాగు ఖాళీ చేసేది గాలినే

ఇల్లు సర్దుదామని నడుం కట్టినవాళ్లు బీరువా తలుపు తీయకముందే కొనేసే వస్తువు వాక్యూమ్ బ్యాగు, అంటే బట్టలు పెట్టి మూసి లోపలి గాలి లాగేసే ప్లాస్టిక్ సంచి. పెట్టె మీద బొమ్మ ఎప్పుడూ ఒకటే. ఎడమ పక్క ఉబ్బిన రజాయి, కుడి పక్క అట్టలా అణిగిపోయిన అదే రజాయి, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘80 శాతం జాగా ఆదా’. అది అబద్ధమేమీ కాదు. రజాయిలో ముప్పావు వంతుకు పైగా గాలే కాబట్టి, దాన్ని లాగేస్తే అంత పల్చబడాల్సిందే. అదే సంచిలో జీన్సు ప్యాంట్లు, మడతపెట్టిన నూలు దుప్పట్లు పెడితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ మడతల్లో లాగడానికి గాలి ఎంతో ఉండదు. సంచి రాయిలా బిగుసుకుంటుంది గానీ ఎత్తు రెండు వేళ్లు తగ్గితే గొప్ప.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఏడాదిలో కొన్ని నెలలు తప్పకుండా వాడి, మిగతా నెలలు దాచాల్సిన మెత్తటి సామానుకు ఇది మంచి వస్తువు. ఉంచాలో ఇచ్చేయాలో తేలని బట్టలకు మాత్రం ఇంతకన్నా చెడ్డ చోటు ఇంట్లో ఉండదు. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

కొనేముందు చేత్తో చూడాల్సినవి

మంచి సంచి ఒక్క పొరతో చేసింది కాదు. బయట నైలాన్, లోపల పాలిథిన్. పెట్టె మీద పీఏ, పీఈ అని రాసేది వీటినే. నైలాన్ గాలిని ఆపుతుంది, త్వరగా చిరగదు. పాలిథిన్ తేమను ఆపుతుంది, అంచులు వేడికి అతుక్కునేదీ దానివల్లే. ఒట్టి పాలిథిన్‌తో చేసిన చవక సంచి మొదటి రోజు చూడముచ్చటగా ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ ఉబ్బుతుంది. ఎంత వెతికినా చిల్లు దొరకదు, ఎందుకంటే గాలి ఆ ఫిల్ము గుండానే మెల్లగా లోపలికి చేరుతుంది. నలిపి చూస్తే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. నైలాన్ ఉన్నది కాస్త బిరుసుగా ఉండి గలగలలాడుతుంది, ఒట్టి పాలిథిన్ మెత్తగా వేళ్ల మధ్య జారుతుంది. ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే బహుశా పీవీసీ, అది వద్దు. మందం 80 మైక్రాన్లకు తగ్గకుండా చూసుకోవాలి. 60 మైక్రాన్ల సంచి దిండ్లకు సరిపోతుంది, జిప్పులూ గుండీలూ ఉన్న కోట్లకు ఆగదు.

తర్వాత మూత. దీనికి రెండు వరసల జిప్పు ఉంటుంది. దాన్ని నొక్కుతూ పోవడానికి ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఇస్తారు. ఆ క్లిప్పు జారిపోకుండా రెండు చివరలా చిన్న అడ్డు ఉందో లేదో చూడండి. లేకపోతే మొదటి వారంలోనే క్లిప్పు పోతుంది. అది పోయాక వేళ్లతో నొక్కి మూయడం జరిగే పని కాదు. లోపలి వరస పడిందా లేదా అన్నది వేలికి తెలియదు.

ఇక వాల్వు, అంటే గొట్టం ఆనించి గాలి లాగే రంధ్రం. దాని మూత విప్పి చూస్తే లోపల పల్చని రబ్బరు బిళ్ల కనబడుతుంది. గాలి బయటికి పోయేటప్పుడు లేస్తుంది, ఆగగానే కూర్చుంటుంది. సంచి అంతా ఆధారపడేది ఈ బిళ్ల మీదే. వాల్వు లోపలి వైపున బట్ట చొరబడకుండా గాడులు గానీ గళ్ల పలక గానీ అడ్డుగా ఉండాలి. అది లేని సంచుల్లో బట్ట నేరుగా రంధ్రానికి అతుక్కుని గాలి దారి మూసేస్తుంది. మోటారు అరుస్తూ ఉంటుంది, సంచి మాత్రం కదలదు.

సైజు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 80×100 సెంటీమీటర్లది ఇద్దరు కప్పుకునే రజాయి ఒకదానికి, 60×80ది స్వెట్టర్లకు, పిల్లల చలి బట్టలకు. అంతకన్నా పెద్దది కొంటే నింపాలనిపిస్తుంది, నింపితే ఎత్తలేరు. గాలి పోయినంత మాత్రాన బరువు పోదు కదా.

ఎంత గట్టిగా లాగుతుందంటే

పేరుకే వాక్యూమ్. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పూర్తిగా మూసినప్పుడు లాగే బలం సుమారు 20 కిలోపాస్కల్స్. బయట గాలి పీడనం 101. అంటే తగ్గేది అయిదో వంతే. అదేమంత లెక్క అనిపిస్తుంది గానీ, ఒకసారి గుణించి చూడండి. 80×100 సంచి ఒక ముఖం 8,000 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 200 గ్రాములు పడితే మొత్తం 1,600 కిలోలు. లాగుతున్న ఆ క్షణంలో మీ రజాయి మీద ఒక కారు కూర్చున్నట్టే. కోటు గుండీ ఫిల్మును పొడిచేదీ, ఈకల దిండు చచ్చుబడేదీ, బొమ్మ ముక్కు సంచిని చీల్చేదీ ఈ బరువు వల్లే.

క్లీనర్ మోటారు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా క్లీనర్లలో మోటారును చల్లబరిచేది గొట్టంలోంచి వచ్చే గాలే. సంచి బిగుసుకున్నాక కూడా గొట్టం అలాగే పట్టుకుంటే గాలి ఆడక మోటారు కాగుతుంది. సంచి ముడుచుకోవడం ఆగిందంటే పని అయిపోయినట్టే. పెద్ద సంచికైనా నిమిషం దాటకూడదు. నిమిషంలో అవ్వలేదంటే ఎక్కడో కారుతోందని అర్థం, ఇంకో అయిదు నిమిషాలు పట్టినా అంతే.

కర్రలా ఉండే వైర్లెస్ క్లీనర్లలో చాలావాటికి వాల్వు మీద చదునుగా కూర్చునే గొట్టం ఉండదు. బ్రష్ తీసేసిన చివర చదునుగా ఉందో, చీలిక ఉందో కొనేముందే చూసుకోవాలి. చేతి పంపు స్వెట్టర్ల సంచికి పరవాలేదు, పెద్ద రజాయికి భుజం నొప్పి. చార్జింగ్ పంపులు నెమ్మదిగా లాగుతాయి, కానీ ఒకే తీరుగా లాగుతాయి. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ లేనివాళ్లకు అదే నయం.

మూసేటప్పుడు జరిగే తప్పులు

‘సంచి లీకవుతోంది’ అని తిరిగి పంపేసేవాటిలో చాలావరకు సంచి తప్పేమీ ఉండదు. మొదటి కారణం అతిగా నింపడం. ఫిల్ము మీద ఒక గీత ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. గీత లేకపోయినా జిప్పు కింద పది సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. గాలి లాగినప్పుడు బట్ట నాలుగు వైపులా కదులుతుంది. ఖాళీ లేకపోతే ఫిల్ము జిప్పును లోపలికి గుంజుతుంది, రెండు వరసలూ విడిపోతాయి.

రెండో కారణం నూలు పోగు. జిప్పు గాడిలో ఒక్క వెంట్రుక అడ్డం పడినా చాలు. మూసేముందు పొడి గుడ్డతో రెండు గాళ్లూ చివరిదాకా తుడవాలి. వాల్వు బిళ్ల కిందా అదే పని, గోరు పెట్టి కాదు, మెత్తటి గుడ్డ కొసతో. క్లిప్పును ఒక చివర నుంచి మరో చివరకు, తిరిగి వెనక్కి, ఆగకుండా నడపాలి. కారడం ఎక్కువగా చివరి రెండు సెంటీమీటర్లలోనే ఉంటుంది, ఎందుకంటే క్లిప్పు అక్కడిదాకా వెళ్లకుండానే చెయ్యి ఆగిపోతుంది. ఆ రెండు మూలలూ బొటనవేలితో విడిగా నొక్కండి.

లోపల పెట్టేటప్పుడు మడత వీపు జిప్పు వైపుకు, విడి అంచులు అడుగు వైపుకు ఉండాలి. వాల్వు కింద చదునైన బట్ట రావాలి. గుండీలు, జిప్పులు, కొక్కేలు లోపలికి తిప్పి, వాటి మీద ఒక తువ్వాలు చుట్టాలి. ఒకే సంచిలో రెండు మూడు రజాయిలు కుక్కకూడదు. ఒకటి కావాల్సి వచ్చిన రోజున అన్నింటి గాలీ వదలాల్సి వస్తుంది, మళ్లీ లాగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ తర్వాత పరీక్ష. మూసిన వెంటనే సంచి పక్కన స్కేలు పెట్టి ఎత్తు కొలిచి, ఫిల్ము మీదే మార్కరుతో తేదీ, ఎత్తు రాయాలి. మర్నాడు చూడాలి, వారం తర్వాత మళ్లీ చూడాలి. మర్నాటికే ఉబ్బితే జిప్పో, వాల్వో. వారానికి కాస్త మెత్తబడితే సూదిమొన చిల్లు. నెలల తర్వాత కొద్దిగా వదులైతే పట్టించుకోనక్కర్లేదు. అటక మీదికి ఎక్కించేది ఈ వారం గడిచాకే.

చిల్లు వెతకడం సులువే. సంచి ఖాళీ చేసి, గాలితో నింపి జిప్పు వేసి, సబ్బు నీళ్లు పూసి నొక్కితే బుడగ వస్తుంది. ఆరబెట్టి, లోపలా బయటా పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వేయాలి. ఒక్కవైపే వేస్తే నిలవదు. అతుకు వెంట చీలితే మాత్రం బాగుచేయడం దండగ.

తేమ: కంటికి కనబడని శత్రువు

ఈ సంచులతో బట్టలు పాడైనవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట, ‘బాగా ఆరినవే పెట్టాం’ అని. నిజమే అయుంటుంది. చేతికి పొడిగా తగిలే బట్టలోనూ నీళ్లుంటాయి. నేత పరిశ్రమ ప్రమాణంగా తీసుకునే 20 డిగ్రీల వేడి, 65 శాతం గాలి తేమలో నూలు తన పొడి బరువుకు 8.5 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. పట్టు 11 శాతం, ఉన్ని 16 దాకా. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అంటే మూడు కిలోల దూది బొంతలో, పొడిగా ఉన్నప్పుడు కూడా, పావు లీటరు నీళ్లున్నట్టు. ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ.

బయట ఉంటే ఆ నీరు గాలితో పాటు వస్తూ పోతూ ఉంటుంది. సంచిలో అది బందీ. సంచి ఒక పక్క చల్లటి గోడకో గచ్చుకో ఆనిందంటే, ఫిల్ము లోపలి వైపు చెమ్మ పడుతుంది, ఆ మడతలో బూజు మొదలవుతుంది. లోపలి గాలి తేమ 70 శాతం దాటితే చాలు, దానికి ఇంకేమీ అక్కర్లేదు. సంచిలో పడేసే సిలికా జెల్ పొట్లం మనశ్శాంతికి తప్ప ఎందుకూ కాదు. అయిదు గ్రాముల పొట్లం ఎంత లాగినా రెండు గ్రాముల నీటిని మించి పట్టదు. పావు లీటరు ఎక్కడ, రెండు గ్రాములెక్కడ!

అందుకని రోజు ఎంచుకోవడమే అసలు పని. గాలి పొడిగా ఉన్న రోజు, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం, బొంతను రెండు వైపులా తిప్పి ఆరేయాలి. వేడి మీద మూయకూడదు, వేడి గాలిలోని తేమ చల్లారాక చెమ్మగా దిగుతుంది. రాత్రంతా గదిలో వదిలేయకూడదు, మళ్లీ తేమ పీల్చుకుంటుంది. నీడలో అరగంట, చెయ్యి పెడితే వెచ్చదనం తెలియనంత వరకు, వెంటనే సంచిలోకి. ఉతకకుండా పెట్టడం అసలు వద్దు. ఈ రోజు కనబడని చెమట, నూనె మరకలు ఆరు నెలల్లో పసుపురంగుకు తిరుగుతాయి, ఆ తర్వాత ఏ సబ్బుకూ లొంగవు. డ్రై క్లీనింగ్ నుంచి వచ్చినవైతే కవరు తీసి ఒక రోజు గాలికి వేలాడదీయాలి. లేదంటే ఆ ద్రావకం వాసన సంచిలోనే ఉండిపోతుంది.

ఉన్నిని తినే పురుగు గాలి లాగితే చస్తుందని నమ్ముతారు. అయిదో వంతు పీడనం తగ్గినంత మాత్రాన గుడ్లకు ఏమీ కాదు. పురుగు అనుమానం ఉంటే బట్టను పాలిథిన్ కవరులో చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీశాక కవరు విప్పకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ బట్ట మీదే పడుతుంది. అప్పుడు దులిపి, ఉతికి, సంచిలో పెట్టాలి.

ఏవి పెట్టొద్దు

ఈకలు నింపిన రజాయిలు, స్లీపింగ్ బ్యాగులు. ఈకలు వెచ్చదనం ఇచ్చేదే మధ్యలో గాలిని పట్టుకుని. నెలల తరబడి నొక్కి ఉంచితే ఆ గుణం తగ్గిపోతుంది. స్లీపింగ్ బ్యాగులు చేసేవాళ్లే వదులుగా, పెద్ద గుడ్డ సంచిలో ఉంచమంటారు. పాలియెస్టర్ నింపినవి కొంత నయం, అయినా ఆరు నెలలు దాటనివ్వకూడదు. మెమరీ ఫోమ్ దిండ్లు వద్దే వద్దు, కొన్ని వారాలు దాటితే పాత ఆకారానికి రావు.

తోలు, రెక్సిన్: మడత పడిన చోట పగుళ్లు వస్తాయి, రెక్సిన్ దానికదే అతుక్కుంటుంది. పట్టులో జరీ ఉన్నవి: అంత ఒత్తిడిలో జరీ మడత దగ్గర విరుగుతుంది. ఫోటోలు, కాగితాలు పెట్టేవాళ్లూ ఉన్నారు. తేమ తగిలిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుంటే విడదీయడం సాధ్యం కాదు. మెత్తటి బొమ్మలు పెట్టొచ్చు, బ్యాటరీ తీసేసి, గట్టి కళ్లూ ముక్కూ లోపలికి తిప్పి.

ఇక మిగతా రకాలు. పెట్టె ఆకారంలో నిలబడేవి అలమరలో చక్కగా ఇముడుతాయి గానీ మూలల దగ్గర అతుకు బలహీనం. హ్యాంగరుతో వేలాడదీసేవి కోటు భుజాల్ని నలిపేస్తాయి, మామూలు గుడ్డ కవరే మేలు. ప్రయాణాలకు చుట్టి గాలి తీసేవి వాల్వు లేకుండా, అడుగున ఒకవైపే తెరుచుకునే సందులతో పని చేస్తాయి. జిప్పు వైపు నుంచి అడుగుకు చుట్టాలి, తిరగేసి చుట్టి తిట్టుకునేవాళ్లే ఎక్కువ. పెట్టెలో జాగా మిగిలిందని ఇంకా కుక్కితే, విమానంలో తూచేది బరువునే.

అసలు గొడవ: ఇచ్చేయాల్సినవాటిని దాచిపెట్టడం

పన్నెండు సంచుల సెట్టు కొన్నవాళ్లు పన్నెండూ నింపుతారు. ఎనిమిది సంచుల్లో ఏముందో ఏడాది తర్వాత వాళ్లకే గుర్తుండదు. ఉబ్బిన బీరువాకు ఒక గుణం ఉంది, తలుపు పడకపోతే మనల్ని ఏదో ఒకటి తీసేయమని ఒత్తిడి చేస్తుంది. గాలి తీసిన సంచి ఆ ఒత్తిడిని తీసేస్తుంది. బిగుసుకుపోయిన ముద్దలో ఏ బట్ట ఏదో కంటికి తెలియదు, విప్పితే మళ్లీ లాగాలి, అందుకని విప్పరు. పాతవి వదిలించుకోవడం అన్న పని అలా అటకెక్కుతుంది, నిజంగానే.

కాబట్టి క్రమం తిరగేయాలి. ముందు ఏరడం, తర్వాత లెక్క, ఆఖరున సంచులు. పక్క సామాను అంతా ఒక్కచోట పోయండి. మంచానికి రెండు జతల దుప్పట్లు, ఒక చలి రజాయి, ఇంటికి వచ్చేవాళ్ల కోసం ఒకటో రెండో అదనం. మిగిలింది ఎక్కువే. దిండును సగానికి మడిచి వదలండి. లేచి తెరుచుకోకపోతే దాని ఆయుష్షు తీరినట్టే. పాత తువ్వాళ్లు, పల్చబడిన దుప్పట్లు జంతు సంరక్షణ కేంద్రాలకు పనికొస్తాయి, దిండ్లు తీసుకుంటారో లేదో ముందే అడగాలి. ఇలా ఏరాక సంచిలో పెట్టాల్సినవి మామూలు ఇంట్లో మూడో నాలుగో తేలతాయి. కొనాల్సిన లెక్క అదే.

తేలనివాటిని సంచిలో పెట్టొద్దు. అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన ఆరు నెలల తర్వాతి తేదీ రాయండి.  అట్టపెట్టెలోది కంటికి కనబడదు, చెయ్యి లాగదు. ఆ తేదీ వచ్చేదాకా ఎవరూ అందులోంచి ఏమీ అడగకపోతే, విప్పకుండా అలాగే ఇచ్చేయొచ్చు. డబ్బు, కాగితాలు, నగలు జేబుల్లో లేవని మూసేముందే చూసుకుంటే చాలు.

సంచుల్లో ఉన్నవాటికీ ఇలాంటి గడువే. మీద రాసిన తేదీ తర్వాత ఒక చలికాలం వచ్చి వెళ్లినా సంచి విప్పలేదంటే, అందులోది మీకు అక్కర్లేదు. కానీ దాన్ని అణిగిన ముద్దలా ఎవరికీ ఇవ్వకండి. వాల్వు తెరిచి, బయట పరిచి, ఒకటి రెండు రోజులు గాలికి ఉబ్బనివ్వాలి. బూజు వాసన వస్తే ఉతికి ఎండలో వేయాలి. అప్పటికీ పోకపోతే అది ఇవ్వదగ్గది కాదు. పసుపు మరకలున్నవి తుడుపు గుడ్డలుగా కత్తిరించండి.

చంటిపిల్లలున్న ఇంట్లో ఖాళీ సంచులు నేల మీద వదలొద్దు, ముఖానికి అతుక్కుంటే ఊపిరాడదు. పిల్లి గోళ్లకు దూరంగా ఉంచాలి. పాడైన సంచుల సంగతీ ముందే తెలుసుకుని కొనడం మంచిది. నైలాన్, పాలిథిన్ రెండూ అతికిన ఫిల్మును విడదీయడం కష్టం కాబట్టి చాలాచోట్ల దాన్ని రీసైకిల్‌కు తీసుకోరు. సామాను తగ్గించుకుందామని కొన్నది చివరికి ఎవరూ తీసుకోని చెత్తగా మిగలకూడదంటే, చీలిన సంచిని మూడు అంచులా కోసి తెరవండి. గోడలకు రంగు వేసేటప్పుడు నేల మీద పరవడానికి 80×100ది ఒకటిన్నర చదరపు మీటర్లకు పైగా వస్తుంది.